మోటుపల్లి ఇసుక కింద

తెనాలిలో రేపల్లె రైలు ఎక్కితే దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడొక పెద్ద ఇటుకల దిబ్బ వుంది. రెండువేల ఏళ్ళకు పూర్వం కట్టిన బౌద్ధ స్తూపంలో మిగిలింది అంతే. మిగతాది ఏమయింది? పందొమ్మిదవ శతాబ్దంలో కాలువలూ, రోడ్లూ వేసేవారు ఆ ఇటుకలు రోడ్డుకూ, పాలరాతి పలకలు తూముకూ వాడేశారు! వాళ్ళు దొంగలు కారు. జనానికి పనికివచ్చే పనే చేశారు. తవ్వుతున్నదేమిటో తెలుసుకోలేదు, అంతే. 1892లో అలెగ్జాండర్ రీ అనే ఆయన మిగిలిన దిబ్బను జాగ్రత్తగా తవ్వితే, బ్రాహ్మీ అక్షరాలు చెక్కిన రాతి భరిణెలు దొరికాయి. కుబిరకుడనే రాజు పేరు మనకు అలా తెలిసింది.

ఇక సముద్రం వైపు పోదాం. రేపల్లెకు దక్షిణాన నిజాంపట్నంలో 1606లోనే డచ్చివారు వర్తకం పెట్టారు. బాపట్ల మీదుగా చీరాల దాటి వెళితే మోటుపల్లి. ఇప్పుడది చిన్న పల్లె, ఒకప్పుడు గొప్ప రేవు! తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారట. కాకతీయ గణపతిదేవుడు అలా చేయననీ, సుంకం మాత్రమే తీసుకుంటాననీ 1244లో వర్తకులకు అభయమిచ్చి శాసనం వేయించాడు.

ఇటువంటి తీరానికి చమురు కొట్టుకువస్తే? 2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరు రేవు బయట రెండు ఓడలు ఢీకొని, నల్లటి నూనె ఒడ్డుకు పట్టింది. జనం బకెట్లతో ఎత్తి పోశారు. చేపల కోసం, జాలరుల కోసం తీరాన్ని త్వరగా శుభ్రం చేయవలసిందే. కాని ఇసుక కింద పాత గోడ వుంటే, పారలూ, యంత్రాలూ దాన్ని ఒక్కపూటలో చెరిపేస్తాయి.

చమురు చేసే చెరుపు వేరు. పాత బొగ్గు వయస్సును, దానిలో కర్బనం-14 ఎంత మిగిలిందో చూసి లెక్కకడతారు. కాలం గడిచినకొద్దీ అది తరిగిపోతుంది. కోట్ల ఏళ్ళనాటి చమురులో అది బొత్తిగా వుండదు. అందుచేత చమురంటిన బొగ్గు తన అసలు వయస్సుకన్న ముసలిదిగా కనబడుతుంది!

దీనికి ఉపాయం లేకపోలేదు. 1989 మార్చిలో అమెరికాలోని అలాస్కా తీరాన ఎక్సాన్ వాల్డీజ్ అనే ఓడ సముద్రంలోని రాతిదిబ్బకు కొట్టుకుని, సుమారు 4 కోట్ల లీటర్ల చమురు ఒలికింది. అప్పుడు పురావస్తు శాస్త్రజ్ఞులు పనివాళ్ళకంటె ముందుగా తీరం వెంట నడిచి, ఎక్కడ తవ్వకూడదో చెప్పారు. పాత చోట్ల జాడ అందరికీ చెప్పకుండా దాచారు కూడా. అయినా కొన్ని చోట్ల దొంగలు పడ్డారనుకోండి!

మన దేశంలో సముద్రం మీద చమురును అదుపుచేసే బాధ్యత కోస్టుగార్డుది. వారి చేతిలోని పటంలో మడ అడవులతోపాటు ఇలాంటి పాత రేవులు కూడా ముందే గుర్తుపెట్టి వుండాలి. చమురు వచ్చాక వెతకడానికి తీరిక వుండదు. మీరు ఈ తీరానికి వెళ్ళినప్పుడు ఇసుకలో చెక్కిన రాయో, పాత కుండపెంకో కనబడితే ఇంటికి తేకండి. ఎక్కడ వుందో గుర్తుపెట్టుకుని, మీ మాస్టారిచేత పురావస్తు శాఖకు ఉత్తరం రాయించండి.