దీపమార్పిన రాత్రి

ఉపాధ్యాయవృత్తిలో నున్నంతకాలము నేను స్కౌటు బాలురను ఎన్నియో విడిదులకు తీసికొనిపోయితిని. నా కుటుంబముతో మాత్రము ఒక్క రాత్రియైనను గుడారములో గడపలేదు. ఉద్యోగవిరమణానంతరము, 2018వ సంవత్సరము మే నెల మొదటి వారమున, ఆ ముచ్చట తీరినది. నేను, నా భార్య, కుమార్తె, అల్లుడు, పదేండ్ల మనుమరాలు, ఆరేండ్ల మనుమడు కలసి శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మమునకు సమీపమున గల సముద్రతీరమునకు బయలుదేరితిమి.

మా చిన్నవానికి చీకటి యన్న మిక్కిలి భయము. దీపమార్పినచో నిద్రపోడు. "చీకటిలో ఏమీ లేదురా, పగలున్న వస్తువులే రాత్రీ ఉంటాయి" అని పలుమారులు నచ్చజెప్పితిని. ఒకటి రెండుసార్లు మందలించితిని కూడ. ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన నా నేర్పు ఆ పసివాని యెదుట కొరగాకపోయెను. అందుచే వాని కొరకు పెద్ద బ్యాటరీ లాంతరొకటి వెంట తెచ్చితిమి.

మొదట శ్రీకూర్మనాథుని దర్శించితిమి. విష్ణువును కూర్మరూపమున అర్చించు క్షేత్రమది. ఆలయమున పెంచుచున్న నక్షత్రపు తాబేళ్ళను చూచి పిల్లలు కేరింతలు కొట్టిరి. చిన్నవాడు వంగి చూడగానే ఒక తాబేలు తలను చిప్పలోనికి ముడుచుకొనెను. "ఇది నేలతాబేలు. సముద్రపు తాబేలు తలను ఇలా దాచుకోలేదు. దానికి కాళ్ళకు బదులు తెడ్లవంటి రెక్కలుంటాయి" అని చెప్పితిని. "అయితే దానికి భయం వేస్తే ఎలా తాతా?" అని వాడడిగెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు.

ఎండ చల్లబడిన పిమ్మట తీరము చేరితిమి. వెనుక సరుగుడు తోట, ముందు ఎడతెగని కెరటములు. నేను స్కౌటు పద్ధతిలో మేకులు పాతి గుడారము నిలబెట్టితిని. గాలి వీచెను, మేకులన్నియు ఇసుకలోనుండి ఊడివచ్చెను. వలలు బాగుచేసికొనుచున్న వృద్ధుడొకడు నవ్వుచు లేచి వచ్చి, గోనెసంచులలో ఇసుక నింపించి, వానికి త్రాళ్ళు కట్టి, లోతుగా పాతిపెట్టించెను. పిమ్మట గుడారము కదలలేదు.

"ఇక్కడ లోపలికి లాగే నీరుంది. పిల్లల్ని దిగనివ్వకండి. ఇంకోమాట బాబూ, రాత్రి దీపం పెట్టకండి. ఇది తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు" అని యాతడు చెప్పెను. మొదటి మాట పాటించితిమి. రెండవదానిని నేను లెక్కింపలేదు. అవి గుడ్లు పెట్టు కాలము సాధారణముగా జనవరి మొదలు మార్చి వరకని నేను చదివియుంటిని. మే నెలలో భయమేమి? ఇట్లు తలపోసి, చీకటి పడగానే గుడారము ముందు లాంతరు వెలిగించితిని.

పులిహోర, పెరుగన్నము తిని అందరమును కూర్చుంటిమి. కృష్ణపక్షమగుటచే చంద్రుడింకను ఉదయింపలేదు. ఇంతలో మా మనుమరాలు "అమ్మా, ఇసుక కదులుతోంది!" అని కేక వేసెను. అరచేతిలో ఇముడునంతటి నల్లని ప్రాణు లనేకములు ఇసుకలోనుండి వెలువడి, చిన్ని రెక్కలతో ప్రాకుచుండెను. అవి సముద్రమునకు వీపు త్రిప్పి మా లాంతరు వైపే వచ్చుచుండెను!

వృద్ధుడు పరుగున వచ్చి, "పిల్లలు బయటికి వచ్చాయి బాబూ! ఆ వెలుగే సముద్రమనుకుంటున్నాయి" అనెను. నాకప్పుడు తెలిసినది. గుడ్లు పెట్టు కాలమును చదివితిని గాని, అవి పొదుగుటకు నలుబదియైదు మొదలు అరువది దినములు పట్టునను సంగతిని ఆలోచింపలేదు. మార్చిలో పెట్టిన గుడ్లు మేలో గాక మరెప్పుడు పొదుగును? రాత్రివేళ చుక్కల కాంతిని ప్రతిఫలింపజేయు సముద్రము వెనుకనున్న నేలకన్న కొంచెము ప్రకాశవంతముగ నుండును. తాబేలుపిల్లకు అదియే దారి చూపును. మానవుని దీపము దానిని త్రోవ తప్పించును. త్రోవ తప్పినది పీతలకో కుక్కలకో ఆహారమగును. లేదా తెల్లవారిన పిదప ఎండకు మాడిపోవును.

లాంతరు మా చిన్నవాని ఒడిలో నుండెను. వాడు దానిని రెండు చేతులతో పట్టుకొని యుండెను. నేను చేయి చాచితిని గాని, లాగుకొనుటకు మనసు రాలేదు. వాడొకసారి చుట్టును చీకటిని చూచెను. ఒకసారి తన పాదములవద్దకు వచ్చిన పిల్లను చూచెను.

"తాతా, దీనికి తల దాచుకోవడం రాదుగా?" అని మెల్లగా అడిగెను. "రాదు నాయనా" అంటిని. వాడు కన్నులు గట్టిగా మూసికొని మీట నొక్కెను. చీకటి ఒక్కసారిగా మమ్ముల నావరించెను. వాని చేయి నా చేతిలో వణకుచుండెను.

మేమెవ్వరమును కదలలేదు. కొంతసేపటికి మా కన్నులు చీకటికి అలవాటుపడెను. ఆకాశమున లెక్కలేనన్ని చుక్కలు. వాని క్రింద మసకగా మెరయుచున్న సముద్రము. తాబేలుపిల్లలు ఒక్కొక్కటిగా అటు తిరిగెను. వానిని ఎత్తి నీటిలో వదలుదమని మనుమరాలు ముందుకు వంగెను. "వద్దమ్మా, వాటి నడక వాటినే నడవనీ" అని వృద్ధుడు వారించెను. కెరటము వచ్చినప్పుడెల్ల కొన్ని మాయమగుచుండెను. చిన్నవాడు వానిని లెక్కించుట మొదలిడి, నలుబది దాటిన తరువాత నా భుజముపై నిద్రపోయెను. ఆ రాత్రి లాంతరు మరల వెలుగలేదు.

మరునాడు ఆ వృద్ధుని వద్దకు పోయి, "మీ మాట వినకపోవడం నా తప్పు" అంటిని. ఆతడు నవ్వి, "దీపం ఆర్పింది మీవాడే కదా బాబూ" అనెను.

బాలబాలికలారా, భయపడువానిని తర్కముతో గాని మందలింపుతో గాని ధైర్యవంతుని చేయజాలమని నేను ఆ తీరమున గ్రహించితిని. తనకన్న నిస్సహాయమైన ప్రాణి యెదురైనపుడు ధైర్యము దానంతట అదియే పుట్టును. మా చిన్నవాడు ఈనాటికిని చీకటి యన్న కొంచెము జంకును. అయినను దీపమార్పుటకు ఎవ్వరిని పిలువడు.