చావడిలోని తీఁగ

మా యింట నంతర్జాలపుఁ దీఁగ చావడిలోని వ్రాఁతబల్లకడనే యాగిపోయి యుండెను. అచ్చట నెల్లప్పుడును మగవారి గోష్ఠియే. అతిథులు వచ్చినప్పుడెల్ల మా యమ్మాయి పాఠము సగములో నిలిచిపోవుచుండెను. "మనిషిని పిలిపింతములే" యనుచు మావారు నెలలు గడపిరి. తుదకు నేనే రౌటరు నొకదానిని దెప్పించితిని.

మొదట వెలుపలి తీఁగను దప్పు రంధ్రమునఁ బెట్టి, యొక పూఁట యిల్లంతటికిని అంతర్జాలము లేకుండఁ జేసి, మావారిచే మాటపడితిని. ఆ తీఁగకు 'వాన్' అను రంధ్రము ప్రత్యేకముగా నుండును. అందుఁ బెట్టి, కనెక్షను వారిచ్చిన పేరును, పాస్‌వర్డును రౌటరు పుటలో నింపఁగానే దీపము వెలిఁగెను. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును వెంటనే మార్చితిని. అది యట్లే యుండిన, తాళపుచెవి గుమ్మమునకే వ్రేలాడినట్లు. డబ్ల్యుపిఏ-2 రక్షణయు నుంచితిని. 5 గిగాహెర్ట్జుల తరంగము వేగము గలది, కాని గోడలు దాఁటి దూరము పోలేదు, 2.4 పోఁగలదు. అయినను రెండును జక్కఁగా నందుటకై, పొడవైన తీఁగ తెచ్చి, పెట్టెను నట్టింట నెత్తైన యలమారుపై నుంచితిని.

ఆనాఁటి రాత్రి యమ్మాయి లోపలి గదిలోఁ దలుపు వేసికొని పాఠమంతయు వినెను. ఇప్పుడు దీపము వెలుఁగనప్పుడు మావారు పిలుచునది మనిషిని గాదు, నన్నే.