లెన్స్ కొనాలా వద్దా... చెరువుల్నే అడిగా!

పక్షుల ఫొటోలు తీసేవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. ఫొటో అనుకున్నట్టు రాకపోతే ముందు లెన్స్ వంక చూస్తారు. ఆ తర్వాత బ్యాంక్ బ్యాలెన్స్ వంక చూస్తారు. నాకూ పోయిన అక్టోబర్‌లో అది అంటుకుంది.

నా దగ్గరున్నది కెనాన్ 1500డీ కెమెరా, 55-250 ఎంఎం లెన్స్. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది కొన్నా. కొనాలని మనసు పడింది మాత్రం కెనాన్ ఆర్7 బాడీ, సిగ్మా 150-600 లెన్స్ మీద. రెండూ కార్ట్‌లో వేసి చూస్తే లెక్క రెండు లక్షలు దాటింది.

రెండు లక్షలంటే నాకు ఆర్నెల్ల ఖర్చు. రూమ్ అద్దె, తిండి, పెట్రోలు, ఇంటికి పంపేది... అన్నీ కలిపి. ఉద్యోగం పోతే ఉంటుందని మూడేళ్లుగా పక్కన పెట్టిన డబ్బు అది. పైగా మా ప్రాజెక్ట్ మార్చితో అయిపోతుందని ఆఫీసులో గుసగుసలు. నాన్నకి ఫోన్‌లో చెబితే ఒకటే మాటన్నారు. ‘‘పక్షులు ఊరికే కనపడుతున్నాయి కదరా, మళ్లీ రెండు లక్షలెందుకు?’’

జవాబు చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదా!

వంద ఫొటోలు... మూడు కారణాలు

ఆఫీసులో బగ్స్ వస్తే ఏం చేస్తాం? ముందు కారణాల వారీగా విడగొడతాం. ఇక్కడా అదే చేశా. నచ్చక పక్కన పెట్టిన ఫొటోల్లో చివరి వంద తీసుకుని ఒక్కోదానికీ ఎదురుగా కారణం రాశా. 46 ఫొటోల్లో పక్షి మరీ దూరంగా, చిన్నగా ఉంది. 31 ఫొటోల్లో వెలుతురు బాలేదు. మిగతా 23 ఎగిరే పక్షులవి. కెమెరా ఫోకస్ వాటిని అందుకోలేకపోయింది.

మొదటిదానికి మందు పెద్ద లెన్స్. మూడోదానికి కొత్త బాడీ. రెండోదానికి ఏ షాపులోనూ మందు దొరకదు. కాగితం మీద లెక్క బాగానే ఉంది. అది నిజమో కాదో తేలాలంటే నీళ్ల దగ్గరికి పోవాలి. అందుకే సిగ్మా లెన్స్ వీకెండ్‌కి అద్దెకు తీసుకుని, మూడు సమస్యలకీ మూడు చోట్లు ఎంచుకున్నా.

అమీన్‌పూర్: దూరం సంగతి

మియాపూర్ దాటి కాస్త ముందుకెళ్తే అమీన్‌పూర్ పెద్ద చెరువు. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. మన దేశంలో పట్టణ ప్రాంతంలో ఆ గుర్తింపు దక్కిన మొదటి చెరువు ఇదే. ఒక పక్క అపార్ట్‌మెంట్లు లేస్తుంటే, ఇంకో పక్క చలికాలం అతిథులు దిగుతుంటాయి. డిసెంబర్‌లో ఒక శనివారం పొద్దున ఆరింటికల్లా గట్టు మీదున్నా.

సిగ్మా బరువు రెండు కిలోలకి కాస్త తక్కువ. పది నిమిషాలు చేత్తో ఎత్తి పట్టుకుంటే జిమ్‌కి డబ్బు కట్టక్కర్లేదనిపించింది. కానీ చెరువు మధ్యలో ఈదుతున్న సూదితోక బాతుల మీద పెట్టి చూడగానే ఆ నొప్పి మర్చిపోయా. అరవై మీటర్ల దూరంలో ఉన్న అరమీటరు బాతు నా పాత లెన్స్‌లో దాదాపు 560 పిక్సెల్స్ వస్తుంది. 600 ఎంఎంలో 1300 దాటుతుంది. నీళ్లలోకి మనం దిగలేం, అవి గట్టుకి రావు. అక్కడ పెద్ద లెన్స్‌కి తిరుగులేదు.

గట్టు పక్కన ఉండే పక్షుల కథ మాత్రం వేరు. వల సర్దుకుంటున్న ఒకతను నా కెమెరా చూసి నవ్వాడు. ‘‘ఎందుకన్నా అంత ఉరుకుతున్నవ్? గా బండ మీద కూసో. అర్ధగంట కదలకు. లకుముకి నీ ముందటికే వస్తది’’ అన్నాడు.

కూర్చున్నా. పాత లెన్స్ పెట్టుకుని, కదలకుండా. అర్ధగంట కాదుగానీ ముప్పావుగంటకి ఎదురుగా ఉన్న ఎండుకొమ్మ మీదికి లకుముకి పిట్ట వచ్చి వాలింది. పది మీటర్లు కూడా ఉండదు. రూమ్‌కెళ్లి లెక్కేశా. 24 మీటర్ల దూరం నుంచి 600 ఎంఎం ఇచ్చే సైజునే, 10 మీటర్ల నుంచి 250 ఎంఎం ఇస్తుంది. అంటే ఆ ముప్పావుగంట నాకు ఒక సిగ్మా లెన్స్ పని చేసిపెట్టింది!

ఇంకో లెక్క కూడా చూడండి. లకుముకి పొడవు దాదాపు 28 సెంటీమీటర్లు. ఇరవై మీటర్ల నుంచి తీసినా పాత లెన్స్‌లో 940 పిక్సెల్స్ వస్తుంది. మనం ఫొటోలు పెట్టేదీ చూసేదీ ఫోన్‌లోనే కదా. ఇన్‌స్టా పోస్ట్ వెడల్పు 1080 పిక్సెల్స్. చుట్టూ క్రాప్ చేస్తే స్క్రీన్ నిండా పిట్టే! గోడకి పెద్ద ప్రింట్ వేయించాలంటే మాత్రం ఇది సరిపోదు.

పులికాట్: గాలి సంగతి

రెండో ప్రయాణం రాజహంసల కోసం. రాత్రి చెన్నై వైపు రైలెక్కి గూడూరులో దిగి, అక్కణ్నుంచి బస్సులో సూళ్లూరుపేట వెళ్లా. చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి వెళ్లే రోడ్డు సరస్సుని చీల్చుకుంటూ పోతుంది. రెండు పక్కలా నీళ్లు, బురద, ఆకాశం. చెట్టూ చేమా ఏమీ అడ్డముండవు.

అడ్డం లేదంటే దాక్కోవడానికీ చోటు లేదని అర్థం. రాజహంసలు మనల్ని అరకిలోమీటరు నుంచే చూస్తాయి. మనం నాలుగడుగులు వేస్తే అవి ఎనిమిదడుగులు వేస్తాయి. అమీన్‌పూర్‌లో పనిచేసిన బండరాయి కిటుకు ఇక్కడ పనిచేయదు.

పొద్దున ఏడింటికి అద్దె లెన్స్‌తో తీసినవి బాగానే వచ్చాయి. గులాబీ గీతలా బారుగా నిలబడిన రాజహంసలు, కింద అద్దంలాంటి నీళ్లు. తొమ్మిది దాటాక అదే చోటు, అదే లెన్స్, అవే సెట్టింగ్స్... కానీ ప్రతి ఫొటోలోనూ పక్షుల కాళ్లు వంకర్లు పోయాయి. ఎండకి బురదనేల వేడెక్కి, దాని మీది గాలి అలల్లా కదులుతుంది. ఆ గాలిలోంచి వచ్చే వెలుతురు కూడా వంగుతుంది. వేసవిలో తారురోడ్డు మీద కనిపించే మెరుపులాంటిదే ఇది. పెద్ద లెన్స్ పక్షిని ఎంత పెద్దది చేస్తుందో, ఆ వణుకునీ అంతే పెద్దది చేస్తుంది. మూడొందల మీటర్ల వేడిగాలిని ఐదు లక్షల లెన్స్ కూడా తుడవలేదు.

అప్పుడు కెమెరా బ్యాగ్‌లో పెట్టేసి, ఇరవై కిలోమీటర్ల అవతలున్న నేలపట్టు వెళ్లా. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతుల గూళ్లు, వాచ్‌టవర్ ఎక్కితే పిల్లలకి మేత పెట్టే దృశ్యాలు. మిట్టమధ్యాహ్నం ఫొటోకి పనికిరాదు. కళ్లకి మాత్రం ఏ లోటూ లేదు. తల్లి సంచిలాంటి ముక్కులోకి పిల్ల తల మొత్తం దూర్చేస్తుంటే చూస్తూ గంట నిలబడ్డా. ఆ గంటలో ఒక్క ఫొటో కూడా తీయలేదు.

ఉప్పలపాడు: రెక్కల సంగతి

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు మూడోది కుదిరింది. గుంటూరుకి దగ్గర్లోనే ఉప్పలపాడు. ఊరిని ఆనుకుని చెరువు, మధ్యలో తుమ్మచెట్లు, వాటి నిండా ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు, కంకణం పిట్టలు. ఊరివాళ్లు వాటి జోలికి పోరు కాబట్టి అవీ మనుషులకి బెదరవు. ఇక్కడ 600 ఎంఎం పెడితే కొంగ తల మాత్రమే పడుతుంది! అద్దె లెన్స్ రెండొంతుల టైమ్ బ్యాగ్‌లోనే ఉంది.

ఉప్పలపాడులో పరీక్ష దూరానిది కాదు, వేగానిది. గూటికి పుల్లలు మోసుకొచ్చే కొంగ గాల్లో తిరిగి, కాళ్లు చాచి, వాలేదాకా మహా అయితే మూడు సెకన్లు. నా 1500డీలో ఫోకస్ పాయింట్లు తొమ్మిదే. సెకనుకి తీసేది మూడు ఫొటోలు. ఆర్7 అయితే మెకానికల్ షటర్‌తోనే సెకనుకి 15 తీస్తుంది, పక్షి కన్నుని వెతికి పట్టుకుంటుంది. తేడా చిన్నదేం కాదు.

గట్టు మీద చుట్ట కాల్చుకుంటున్న పెద్దాయన కాసేపు నన్నే చూసి, ‘‘అటు నిలబడమాక అబ్బాయ్. గాలికి ఎదురొచ్చే వాలతయ్యి అయ్యి. గాలి నీ ఈపుకి తగిలేట్టు నిలబడు, మొకాన్నే దిగుతయ్యి’’ అన్నారు.

భలే పాయింట్! విమానాల్లాగే పక్షులూ ఎదురుగాలికే దిగుతాయి. అటు మారగానే ప్రతి కొంగా నాకు ఎదురుగానే రావడం మొదలైంది. ఎక్కడ వాలుతుందో ముందే తెలుస్తోంది కాబట్టి మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే ఉంచి, షటర్ స్పీడ్ 1/1600 పెట్టి ఎదురుచూశా. ఒకటిన్నర మీటర్ల రెక్కలు విప్పిన కొంగ, నోట్లో పుల్లతో ఫ్రేమ్ నిండా పడింది. తీసింది తొమ్మిదేళ్ల పిల్లాడికి కూడా ఇవ్వగలిగిన కెమెరాతోనే! అయితే అదే చెరువులో దూకే లకుముకిని మాత్రం సాయంత్రం దాకా ప్రయత్నించినా పట్టలేకపోయా. అంత చిన్నది, అంత వేగంగా పోయేది కావాలంటే కొత్త బాడీ నిజంగానే అవసరం.

తేల్చింది ఇదీ...

రూమ్‌కొచ్చి మళ్లీ వంద ఫొటోల చీటీ ముందేసుకున్నా. దూరం కేసుల్లో గట్టు పక్క పిట్టలవి సగానికి పైనే ఉన్నాయి. వాటికి ఓపిక చాలు. మిగతావి చెరువు మధ్య బాతులు. అవి ఉండేది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, నాకు కుదిరేది నాలుగైదు వీకెండ్లు. దానికి అద్దె చాలు. వెలుతురు కేసులకి అలారం చాలు. ఎగిరే కేసుల్లో పెద్ద పక్షులవి గాలిని బట్టి తేలిపోతాయి. చివరికి కొత్త బాడీ ఉంటే తప్ప రానివి ఏడు ఫొటోలు మిగిలాయి. ఏడు ఫొటోల కోసం ఆర్నెల్ల భద్రత ఇవ్వాలా? వద్దనుకుని కార్ట్ ఖాళీ చేశా.

ఇది అందరి లెక్కా కాదు. మీరు రోజూ చెరువుకెళ్లేవాళ్లయితే, ప్రింట్లు అమ్మేవాళ్లయితే మీ చీటీ వేరేలా ఉంటుంది. కొనే ముందు మాత్రం ఇవి చూసుకోండి.

• మీకు నచ్చని వంద ఫొటోలు తీసి కారణాలు రాయండి. ఏ కారణం ఎక్కువుంటే డబ్బు అటు పెట్టండి.
• మీరెక్కువగా వెళ్లే చోట పక్షి ఎంత దూరంలో ఉంటుందో చూడండి. ఉప్పలపాడుకి కొన్న లెన్స్ పులికాట్‌కి చాలదు, పులికాట్‌కి కొన్నది ఉప్పలపాడులో ఎక్కువైపోతుంది.
• కొనే ముందు కనీసం ఒక వీకెండ్ అద్దెకు తీసుకోండి. బరువు సంగతి రివ్యూల్లో తెలియదు, భుజానికే తెలుస్తుంది.
• రెండూ ఒకేసారి కొనలేకపోతే ముందు లెన్స్ చూడండి. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి సరిపోయే సిగ్మా 150-600ని రేపు ఆర్7 కొన్నా అడాప్టర్‌తో వాడుకోవచ్చు.
• ఫొటో కోసం గూళ్ల దగ్గరికి వెళ్లొద్దు. పక్షి లేచిపోతే గుడ్లు, పిల్లలు ఎండకి, కాకులకి దొరికిపోతాయి.

మార్చిలో మా ప్రాజెక్ట్ నిజంగానే అయిపోయింది. ఆరు వారాలు బెంచ్ మీదున్నా. నాతోపాటు బెంచ్ మీదికొచ్చిన వాళ్లలో ఇద్దరికి రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు, ఈఎంఐలు అలాంటివి. నాకు పట్టింది. పొద్దున్నే లేచి అమీన్‌పూర్ వెళ్లేవాణ్ని. చలికాలం బాతులు అప్పటికే వెళ్లిపోయాయి. లకుముకి ఎక్కడికీ పోదు కదా, ఏడాదంతా ఇక్కడే. అది దూకేటప్పటి ఫొటో ఇంకా రాలేదు. కొమ్మ మీద కూర్చుని చేపని బాదే ఫొటోలు మాత్రం పాత లెన్స్‌తోనే పదకొండు వచ్చాయి. వాటిలో ఒకటి ఇప్పుడు నాన్న ఫోన్ వాల్‌పేపర్.