నల్లోడి అమెరికా ప్రయాణం

ఇంట్లో ఎవరైనా విదేశానికి మకాం మారుస్తున్నారంటే మనకు ముందు గుర్తొచ్చేవి ఆవకాయ, కందిపొడి, పిల్లల స్కూలు సర్టిఫికెట్లు. కుక్కల సంగతి అడిగేవాళ్లు తక్కువ. అడిగినా, "ఎవరికైనా ఇచ్చేస్తే పోలా?" అంటారు. నిరుడు మా చెల్లెలి కుటుంబం చెన్నై నుంచి న్యూజెర్సీకి మారినప్పుడు ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. వాళ్లింట్లో ఉన్నది ఒకటి కాదు, రెండు కుక్కలు మరి.

పెద్దది పింకీ, పగ్గు. 2003లో హచ్ ఫోన్ల ప్రకటనలో పిల్లాడి వెనకాలే తిరిగిన కుక్క గుర్తుందా? ఆ జాతే. అప్పటి నుంచి ఊరూరా పగ్గుల మోజు మొదలైంది. మా మరిది కూడా పదేళ్ల కింద ముచ్చటపడి కొన్నాడు. రెండోవాడు నల్లోడు. వాడిది మా తోటపల్లి గూడూరే. కోడూరు వైపు మా రొయ్యల గుంటల దగ్గర, మోటారు షెడ్డు వెనక పుట్టాడు. సంక్రాంతి సెలవులకొచ్చిన మా చెల్లెలి కూతురు ఆ పిల్లను ఒళ్లో పెట్టుకుని కారెక్కేసింది. అదీ వాడి చరిత్ర.

ఉద్యోగం ఖాయమయ్యాక మరిది అందరి టిక్కెట్లు చూస్తుంటే, పన్నెండేళ్ల ఆ పిల్ల ఒకటే అంది: "మనం ఆరుగురం కదా, నాలుగే చూస్తున్నారేంటి నాన్నా?" వాళ్లిద్దరు, ఇద్దరు పిల్లలు, రెండు కుక్కలు. దాని లెక్క తప్పు కాదు.

ఇక అక్కడి నుంచి కాగితాల పని. నాకు తెలిసినంత వరకు చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. అమెరికా వాళ్లు 2024 ఆగస్టు 1 నుంచి కుక్కల మీద కొత్త నిబంధనలు పెట్టారు. ఆరు నెలలు నిండని కుక్కను రానివ్వరు. చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మనదీ ఉంది కాబట్టి మనకు లెక్కలు ఇంకా ఎక్కువ. చిప్ వేశాకో, చిప్‌తో పాటో వేసిన టీకానే లెక్కలోకి వస్తుంది. నల్లోడికి ఏటా టీకా వేయిస్తూనే ఉన్నారు, కానీ చిప్ లేదు. దాంతో మళ్లీ మొదటికొచ్చింది. చిప్, టీకా, ఆ తర్వాత 30 రోజులాగి రక్తం తీయాలి. ఆ రక్తంలో రేబిస్‌ను ఎదుర్కొనే శక్తి మిల్లీలీటరుకు కనీసం 0.5 యూనిట్లు ఉందని వాళ్లు ఒప్పుకున్న లాబు చెప్పాలి. రక్తం తీసిన 28 రోజులకు గానీ అక్కడ దిగకూడదు. ఆ పరీక్ష కాగితం లేకపోతే అక్కడ 28 రోజులు విడిగా ఉంచుతారు. పైగా మనలాంటి దేశాల నుంచి వెళ్లే కుక్కలు ఎక్కడ పడితే అక్కడ దిగడానికి లేదు. న్యూయార్క్, వాషింగ్టన్, అట్లాంటా, మయామి, లాస్ ఏంజెలెస్, ఫిలడెల్ఫియా వంటి కొన్ని విమానాశ్రయాలే ఉన్నాయి. అక్కడి జంతు కేంద్రంలో ముందుగా చోటు రాయించుకోవాలి.

ఇంగ్లండు, యూరప్ దేశాలకైతే రక్తం తీశాక మూడు నెలలు ఆగాలి. ఆస్ట్రేలియా మన దగ్గర నుంచి నేరుగా రానివ్వనే రానివ్వదు, వాళ్లు ఒప్పుకున్న ఇంకో దేశం మీదుగా పోవాల్సిందే. ఇదంతా చదివి మా అమ్మ, "నాకు వీసా ఇచ్చేటప్పుడు కూడా ఇంత పరీక్ష చేయలేదే!" అంది.

కాగితాలన్నీ దారికొచ్చాయి, పింకీ దగ్గరే ఆగిపోయాయి. పగ్గు, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కల్ని చాలా విమాన సంస్థలు సామాను గదిలో ఎక్కించుకోవు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చి వేడి తగ్గించుకుంటుంది. ముక్కు లోపలికి నొక్కుకుపోయిన కుక్కకు ఆ వగర్పే సరిగా ఆడదు. వేడి, భయం తోడైతే ప్రాణం మీదికొస్తుంది. అమెరికా రవాణా శాఖ లెక్కల్లో 2005 నుంచి 2010 వరకు విమాన ప్రయాణాల్లో చనిపోయిన 122 కుక్కల్లో దాదాపు సగం ఇలాంటి జాతులవే. మనిషి కాళ్ల దగ్గర పెట్టుకుని తీసుకుపోదామంటే, సంచీతో కలిపి 8 కిలోలు దాటకూడదన్నారు. పింకీ ఒక్కతే 10 కిలోలు.

"పింకీ లేకపోతే నేనూ రాను" అని పిల్ల అన్నం మానేసింది. చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, ఏదో ఒక సంస్థను బతిమాలి అయినా తీసుకుపోదామా?" అంది. నాకు మన తిక్కన గుర్తొచ్చాడు. మహాప్రస్థానిక పర్వాన్ని తెలుగు చేసింది మా నెల్లూరి కవే కదా. హస్తినాపురం నుంచి వెంట నడిచిన కుక్కకు రథంలో చోటు లేదని ఇంద్రుడంటే, నన్ను నమ్మి వచ్చినదాన్ని వదిలి ఆ స్వర్గమే నాకొద్దన్నాడు ధర్మరాజు. ఈ కథ చెప్పుకుని అందరం కుక్కను ఎలాగైనా రథమెక్కించాలనుకుంటాం. కానీ ఆయన కుక్కను బలవంతంగా రథమెక్కించలేదు, తాను ఎక్కనన్నాడు. ఆ కుక్క ఎవరూ కట్టి తేకుండా, తన కాళ్లతో తాను నడిచి వచ్చింది. పింకీ మెట్లెక్కితేనే నాలుక నీలంగా మారుతోంది. దానికి ఇష్టమో కాదో అడగకుండా పెట్టెలో పెట్టి ఇరవై గంటలు పంపడం నమ్మకం నిలబెట్టడమా, మన బెంగ తీర్చుకోవడమా?

ఈ మాట నేను పిల్లతో అనలేదు. పశువుల డాక్టరే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పింకీ ఊపిరి శబ్దాన్ని స్టెతస్కోపుతో వినిపించారు. ఇంటికొచ్చి అదే నాకు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, పింకీ నీ దగ్గరుంటే రోజూ రాత్రి నీ మంచం పక్కనే పడుకోనిస్తావా?" అనడిగింది. పడుకోనిస్తానన్నాను.

డబ్బు పోసి కొన్న జాతి కుక్క ఆగిపోయి, గుంటగట్టు మీద పుట్టిన నాటు కుక్క అమెరికా విమానం ఎక్కింది. నెల ముందు నుంచే వాడి పెట్టెను హాల్లో తలుపు తీసి పెట్టారు. లోపల పాత దుప్పటి వేసి, అన్నం కూడా అందులోనే పెట్టారు. కుక్క నిలబడడానికి, తిరగడానికి, పడుకోడానికి చోటుండాలి, నీళ్ల గిన్నెను బయటి నుంచే నింపే వీలుండాలి. నిద్రమందు ఇవ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. మత్తులో ఉన్న కుక్క ఆకాశంలో ఊపిరికి ఇబ్బంది పడితే చూసే దిక్కుండదు. చెన్నైలో కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ వాళ్లకు చూపించి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. అన్నీ కలిపి నాలుగు లక్షలకు దగ్గరపడింది. "ఆ డబ్బుతో ఇంకో పది కుక్కల్ని పెంచొచ్చు" అన్నవాళ్లున్నారు. పిల్లల్ని తీసుకుపోయేటప్పుడు ఎవరూ ఇలా లెక్క కట్టరు.

2022లో యుక్రెయిన్ నుంచి తిరిగొచ్చిన మన విద్యార్థుల్లో కొందరు బాంబుల మధ్య నుంచి కుక్కల్ని, పిల్లుల్ని చంకనెత్తుకుని వచ్చారు. వాళ్ల కోసం ప్రభుత్వం ఆ ఒక్కసారికి నిబంధనలు సడలించింది. ప్రాణభయంలోనూ వదలనివాళ్లు ఉన్నప్పుడు, తీరిగ్గా ఉద్యోగానికి పోయేవాళ్లం నాలుగు నెలలు కాగితాల వెంట తిరగలేమా?

నల్లోడు న్యూయార్క్‌లో పరీక్ష, మళ్లీ ఒక టీకా అయ్యాక అదే రోజు ఇంటికెళ్లాడు. మంచులో కాలు పెట్టడానికి మాత్రం వారం పట్టిందట. పింకీ ఇక్కడ మొదటి నాలుగు రోజులు గేటు వైపే చూస్తూ కూర్చుంది, పెరుగన్నం ముట్టలేదు. అయిదో రోజు మా ఆయన గుంటల నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే వెళ్లి పక్కన నిలబడింది. అప్పటి నుంచి ఆయన మనిషైపోయింది. ఎండ ఎక్కువైతే తడిబట్ట కప్పి ఫ్యాను కింద పడుకోబెడుతున్నాం.

మీ ఇంట్లో కుక్క ఉండి, ఎప్పుడో ఒకనాడు దేశం దాటే ఆలోచన ఉంటే, టిక్కెట్టు సంగతి తర్వాత, చిప్ ఇప్పుడే వేయించండి. చప్పిడి ముక్కు కుక్కను కొనేముందు మరోసారి ఆలోచించండి. తీసుకుపోవడం కుదరకపోతే, "ఎవరికైనా ఇచ్చేస్తే" అని కాకుండా, ఆ ఎవరో ఎవరని ముందే తేల్చుకోండి. పింకీకి ఆ ఎవరో నేనయ్యాను. ఇది రాస్తుంటే మంచం పక్కన గురక పెడుతోంది.