పెరిగిన గీతలు

చిన్నదానిని పెద్దది చేయడం సులభమని లోకం భావిస్తుంది. ఉన్నదానిని ఒక సంఖ్యతో హెచ్చవేస్తే చాలుననుకుంటుంది. విశాఖపట్నంలోని ఒక జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్లు గణితం బోధించిన అధ్యాపకుడు కూడా అలాగే అనుకున్నాడు. తండ్రి కోసం ఓడ నమూనా ఒకటి తయారుచేయబూనిన తరువాత గాని ఆ హెచ్చవేతలో దాగిన కష్టం అతనికి తెలిసిరాలేదు.

అతని తండ్రి ఓడలు కట్టిన మనిషి. స్వతంత్ర భారతదేశంలో నిర్మితమైన తొలి ఆవిరి నౌక 'జలఉష'ను 1948 మార్చి 14న జవాహర్‌లాల్ నెహ్రూ విశాఖలో జలప్రవేశం చేయించినప్పుడు ఆయన పదేళ్ల బాలుడు. గట్టున జనం మధ్య నిలబడి ఆ దృశ్యాన్ని చూశారు. పెద్దవాడయ్యాక అక్కడే వడ్రంగిగా చేరి, మోల్డు లాఫ్టు అనే విభాగంలో పదవీ విరమణ వరకు పనిచేశారు. విశ్రాంత జీవితంలో తాను పనిచేసిన ఓడ నొకదానిని నమూనాగా మలచాలని ఆయన కోరిక. అందుకోసం వంద మీటర్ల పొడవైన ఒక సరకుల ఓడ ప్లాన్లను చుట్టచుట్టి పెట్టెలో భద్రపరచుకున్నారు. ఆ పని ఏటికేడు వాయిదా పడింది. ఇంతలో నీటికాసుల జబ్బు చూపును హరించసాగింది.

"నా కళ్లు పోయినా చేతులున్నాయిరా అబ్బాయీ! నువ్వు కట్టు, నేను తడిమి చూస్తాను" అన్నారాయన.

ఆ ప్లాన్లు 1:200 నిష్పత్తిలో ఉన్నాయి. అంటే వంద మీటర్ల ఓడ కాగితం మీద యాభై సెంటీమీటర్లు. మీటరు ఎత్తు గల అంచు కమ్మి అయిదు మిల్లీమీటర్లు. అంత సన్నని వివరాలు వృద్ధుని వేళ్లకు అందవు. అందుచేత కొడుకు 1:100 నిష్పత్తిని ఎంచుకున్నాడు. లెక్క తేలికే. పాత హారాన్ని కొత్త హారంతో భాగించి వందతో హెచ్చవేస్తే పెంచవలసిన శాతం వస్తుంది. 200ను 100తో భాగిస్తే రెండు, అంటే రెండు వందల శాతం.

అతడు పెద్ద కాగితాల నకళ్లు తీసే దుకాణానికి వెళ్లి "రెట్టింపు చేసి ఇవ్వు బాబూ" అన్నాడు. కుర్రవాడు ఏ-2 కాగితాన్ని ఏ-1గా పెంచి ఇచ్చాడు. ఇంటికి వచ్చి కొలిస్తే ఓడ 70.7 సెంటీమీటర్లే ఉంది. ఏ-2 కన్నా ఏ-1 వైశాల్యంలో రెట్టింపు. పొడవులో మాత్రం 1.414 రెట్లు. కుర్రవాడు వైశాల్యాన్ని రెట్టింపు చేశాడు. పొడవు రెట్టింపు కావాలంటే ఏ-0 వరకు పోవాలి. ఏటా విద్యార్థులకు చెప్పిన పాఠాన్ని బజారులో తానే మరచిపోయినందుకు అధ్యాపకుడు నవ్వుకుని, మళ్లీ వెళ్లి శాతం చెప్పి తెచ్చుకున్నాడు.

కర్ర కొనేటప్పుడు ఆ పాఠమే మరొకసారి ఎదురైంది. పొడవు రెట్టింపైతే పైన పరచవలసిన చెక్కపట్టీలు నాలుగు రెట్లు కావాలి. నమూనా ఆక్రమించే ఘనపరిమాణం ఎనిమిది రెట్లవుతుంది. ఆకారాలు పెరిగినప్పుడు బలం, బరువు ఒకే తీరున పెరగవని గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. ఆ గ్రంథం వెనిస్ నగరంలో ఓడలు కట్టే చోటి ప్రస్తావనతోనే ప్రారంభమవుతుంది.

రెండు నెలలు శ్రమించి కొడుకు అడుగుదూలాన్ని, దాని మీద పక్కటెముకల వంటి ఫ్రేములను నిలబెట్టాడు. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, చేతిని నమూనా మీద ఉంచాడు. ఆయన వేళ్లు నడుమ భాగం నుంచి పై అంచు వెంబడి మెల్లగా ముందుకు సాగి, ఓడ ముక్కు దగ్గర ఆగిపోయాయి.

"ఇక్కడ మెట్టుందిరా."

కొడుకు వంగి చూశాడు. ఫ్రేముల వరుస, ముక్కు కొయ్య కన్నా సుమారు రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. చూపున్న తాను గమనించలేదు.

"కాగితం మూలన కొలబద్ద గీత ఉండాలి. పెంచాక దాన్ని కొలిచావా?" అని అడిగారు తండ్రి.

కొలవలేదు. ఇప్పుడు కొలిచాడు. ఇరవై సెంటీమీటర్లు ఉండవలసిన గీత ఒక కాగితం మీద 20.3 సెంటీమీటర్లు ఉంది. మరొక కాగితం మీద సరిగ్గా ఇరవై ఉంది. కారణం యంత్రపు నడకలో ఉంది. లోపలి రోలర్లు కాగితాన్ని లాగేటప్పుడు వేగంలో రవ్వంత తేడా వచ్చినా, లాగిన దిక్కులో బొమ్మ సాగుతుంది. అడ్డంగా సాగదు. ఓడను పక్క నుంచి చూపే ప్లానును నిలువుగా, ఫ్రేముల ప్లానును అడ్డంగా యంత్రంలో పెట్టారు. మొదటిదానిలో పొడవు సాగింది, రెండవదానిలో ఎత్తు సాగింది. ఒకే ఓడకు రెండు కొలతలు వచ్చాయి.

ఇటువంటిది నిజమైన ఓడలకూ జరిగింది. 1628 ఆగస్టు 10న స్వీడన్ యుద్ధనౌక 'వాసా' తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోం రేవులో మునిగిపోయింది. పైభాగపు బరువు మితిమీరడం అందుకు ప్రధాన కారణం. 1961లో పైకి తీసిన ఆ ఓడలో వడ్రంగుల కొలబద్దలు నాలుగు దొరికాయి. వాటిలో రెండు స్వీడన్ అడుగును, రెండు దానికంటే పొట్టిదైన ఆమ్‌స్టర్‌డాం అడుగును అనుసరించినవి. ఓడ కుడి ఎడమలు సమానంగా లేవు. పనివారు ఎవరి అడుగును వారు నమ్ముకున్నారు.

"నకలు తీయించే ముందు మూలన పది సెంటీమీటర్ల చదరం ఒకటి గియ్యి. తీశాక నాలుగు భుజాలూ, రెండు కర్ణాలూ కొలువు. కాగితం సాగుతుంది గాని అంకె సాగదురా. ప్లాను మీద అంకె రాసి ఉన్నచోట గీతను కొలవకు, అంకెనే తీసుకో" అన్నారు తండ్రి.

కొడుకు ఫ్రేములన్నింటినీ ఊడదీశాడు. కాగితం పరచి, చదరాలు గీసి, ప్లాను అంచున ఉన్న పట్టికలోని అంకెలను బట్టి బిందువులు పెట్టసాగాడు. ఆ సాయంకాలాలలో తండ్రి తన పనిని గురించి చెప్పేవారు. మోల్డు లాఫ్టు అంటే స్తంభాలు లేని ఒక విశాలమైన గది. దాని చెక్క నేలే వారి కాగితం. ప్లాను మీది గీతలను అసలు ఓడ కొలతకు పెంచి ఆ నేల మీద మోకాళ్ల మీద కూర్చుని గీసేవారు. ప్లాను మీద 0.3 మిల్లీమీటర్ల మందం గల పెన్సిలు గీత అసలు కొలతలో ఆరు సెంటీమీటర్లవుతుంది. అసలు ఓడ ఆ గీతకు ఏ అంచున ఉందో కాగితం చెప్పదు. అందుకని సన్నని పొడవైన బద్దను బిందువుల వెంట వంచి, అది సహజంగా ఏ వంపు తిరుగుతుందో చూసి, ఆ వంపునే గీసేవారు.

కొడుకు కూడా బద్దను వంచాడు. ముందు నుంచి అయిదవ ఫ్రేము దగ్గర బద్ద బిందువును తాకలేదు. మిల్లీమీటరు దూరంలో నిలిచింది. అంకె సాగదన్న మాటను తలచుకుని, అతడు గుండుసూదులు గుచ్చి బద్దను బిందువు మీదికి నొక్కి గీత గీశాడు.

ఆ గీతల ప్రకారం ఫ్రేములు మళ్లీ లేచాయి, పట్టీలు పడ్డాయి. నమూనా పూర్తయ్యేసరికి తండ్రికి వెలుతురు, చీకటి తేడా మాత్రమే తెలుస్తోంది. ఆయన వేళ్లు ఈసారి ముక్కు దాకా ఆగకుండా పోయాయి. వెనుకకు మళ్లుతూ ఒకచోట నిలిచాయి. అక్కడే మళ్లీ మళ్లీ తడిమాయి.

"ఇక్కడ బద్దను బలవంతం చేశావా?"

కొడుకు నిర్ఘాంతపోయాడు. "పట్టికలో ఉన్న అంకె ప్రకారమే పెట్టాను నాన్నా" అన్నాడు.

"ఆ అంకె తప్పురా! కాగితం మీద అర మిల్లీమీటరే. మా నేల మీద అది పది సెంటీమీటర్ల గుంటయింది. బద్ద ఒప్పుకోలేదు. మేస్త్రీ, నేనూ ఒక రోజల్లా కూర్చుని సరిచేశాం. సముద్రంలోకి పోయిన ఓడకు ఈ గుంట లేదు. ఈ పాత కాగితానికి ఆ దిద్దుబాటు చేరలేదు."

ఆ మేస్త్రీ ఇప్పుడు లేడు. ఆ నేల మీది సుద్దగీతలు ఎన్నడో చెరిగిపోయాయి. ఆ సవరణ ఒక వృద్ధుని వేళ్లలో మాత్రమే మిగిలి ఉంది.

కొడుకు అక్కడి నాలుగు పట్టీలను విప్పి, సూదులు లేకుండా బద్దను మరల వంచాడు. బద్ద తన దారిన వంగింది. తరువాత ప్లాను తెరచి, అయిదవ ఫ్రేము అంకెను ఎర్ర సిరాతో కొట్టివేసి, సరియైన అంకెను రాశాడు. ఆ ప్లానును ఇకమీద ఎవరు ఎంత పెంచుకున్నా, వారికి అందేది సముద్రంలోకి పోయిన ఓడే.