పేకాట మీద బతుకు

పేకాట పాపమని చెప్పి ఊరుకోవడం మాలాంటివాళ్ళకు తేలిక. ఆదివారం ఆరాధనకు వచ్చే మగవాళ్ళు తల వంచుకుని వింటారు, సోమవారం తోటలోకి పోతారు. అందుకే ఈసారి అమ్మగారూ మేమూ ఆ మాట పక్కన పెట్టి, ఒక పాత నోటుపుస్తకం తీసుకుని లెక్క వేశాం. నిజంగా ఆట మీదే ఇల్లు గడపాలంటే ఏం కావాలి?

ఆడి బతికినవాళ్ళు లేకపోలేదు. ఎడ్వర్డ్ థార్ప్ అనే అమెరికా గణితశాస్త్రజ్ఞుడు 1962లో ఒక పుస్తకం రాశాడు. బ్లాక్‌జాక్‌లో ఏ ముక్కలు పడిపోయాయో, కట్టలో ఏవి మిగిలాయో లెక్క పెట్టుకుంటే ఆటగాడిదే పైచేయి అవుతుందని చూపించాడు. ఆ దారినే అక్కడి క్రైస్తవులు కొందరు జట్టు కట్టి, పెట్టుబడిదారుల డబ్బుతో కేసినోల మీదికి వెళ్ళారు. వాళ్ళ మీద 2011లో డాక్యుమెంటరీ కూడా వచ్చింది. ఈ సంగతి విని మేము మొదట నవ్వుకున్నాం. తరువాత వాళ్ళ పని తీరు చదివితే నవ్వు ఆగిపోయింది. అది ఉద్యోగం కంటే కష్టం.

ఎందుకంటే ఆ పైచేయి నూటికి ఒక రూపాయి అటూ ఇటూ. వెయ్యి రూపాయల పందెంతో గంటకు వంద ఆటలు ఆడితే సగటున వెయ్యి మిగలాలి. కాని ఆ గంటలోనే పదివేలు పోవడం కూడా మామూలే. నెలల తరబడి పోతున్నా చేయి వణకకూడదు, పోయింది రాబట్టుకోవాలని పందెం పెంచకూడదు. ఇంటి ఖర్చుకు సంబంధం లేని పెద్ద మొత్తం విడిగా ఉండాలి. అన్నీ కుదిరి గెలవడం మొదలుపెడితే, కేసినోవాళ్ళు గుర్తుపట్టి ఇక రావద్దంటారు. బాగా పనిచేసినందుకు పనిలోంచి తీసేసే వృత్తి ఇదొక్కటేనేమో!

మన దగ్గర ఆట రమ్మీ. 1968లో సుప్రీంకోర్టు సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని చెప్పింది. ఆ మాట పట్టుకుని ఎందరో "మాది జూదం కాదు" అన్నారు. అదే తీర్పులో, ఆట నడిపేవాడు దాని మీద లాభం తీసుకుంటే నేరం కావచ్చని కూడా ఉంది. ఆ ముక్క ఎవరూ చెప్పరు. డబ్బు పెట్టి ఫోనులో ఆడే రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం, నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపుతూ చట్టం చేసింది.

ఫోనులో ఆట ఆగాక మా సంఘంలో ఒక యౌవనస్థుడు తోటల్లో ఆడి బతుకుతానన్నాడు. చురుకైనవాడు. పదమూడు ముక్కలూ చేతిలో పడగానే ఎదుటివాడి దగ్గర ఏముందో ఊహించగలడు. "అయ్యగారూ, వందకు అరవై ఆటలు నావే" అన్నాడు. సరే, నీ మాటే నిజమనుకుందాం అని పుస్తకం తెరిచాం. ఇద్దరు చెరి వంద పెడితే, నడిపేవాడు నూటికి పది తీసుకుంటాడు. గెలిచినవాడికి మిగిలేది ఎనభై, ఓడినవాడికి పోయేది వంద. అరవై గెలుపులకు నాలుగువేల ఎనిమిది వందలు వచ్చాయి, నలభై ఓటములకు నాలుగువేలు పోయాయి. వంద ఆటలకు మిగిలింది ఎనిమిది వందలు. ఆటకు ఎనిమిది రూపాయలు! గంటకు మూడు ఆటల చొప్పున రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నా రెండు వందలు నిండదు. ఉపాధి పనికి వెళ్ళే వాళ్ళమ్మకు అంతకంటే ఎక్కువ వస్తుంది. వందకు యాభై అయిదే గెలిస్తే చేతి డబ్బే పోతుంది.

"పందెం పెంచుతాను" అన్నాడు. పెంచిన చోట కూర్చునేవాళ్ళు వేరు. అక్కడ అరవై రావు. ఆ సంగతి అతనికి మాకంటే బాగా తెలుసు, అందుకే మాట్లాడలేదు.

అప్పటిదాకా కూరగాయలు తరుగుతున్న అమ్మగారు తల ఎత్తి, "అయితే నాయనా, అరవై ఓడిపోయేవాళ్ళు రోజూ రావాలి కదా. ఎవరొస్తారు?" అని అడిగింది. ఆట మీద బతికేవాడికి తెలివి కంటే ముందు కావలసింది అదే: తనకంటే తక్కువ ఆడేవాడు, డబ్బున్నవాడు, రేపు మళ్ళీ వచ్చేవాడు. అతను ఆలోచించి రెండు పేర్లు చెప్పాడు. ఒకడు హైదరాబాదులో తాపీ పని చేసి పండగకు ఇంటికి వచ్చినవాడు. రెండోవాడి భార్య మొన్ననే డ్వాక్రా అప్పు తీసుకుంది.

మూడో పేరు కోసం అతను చాలాసేపు చూశాడు.