నలువది దినములు మానిన మాత్ర

మా యింటివారికి గొంతు బొంగురుపోయి, ముఖము ఉబ్బి, పెద్దపల్లి ఎండలలోనూ చలి అనుచుండగా రక్తపరీక్ష చేయించితిమి. థైరాయిడ్ తక్కువ, యాంటీబాడీలు చాలా ఎక్కువ. దేహమును కాపాడవలసిన బలమే పొరబడి మెడలోని గ్రంథిమీద పడుట ఈ వ్యాధి. 1912లో హషిమోటో అను జపాను వైద్యుడు దీనిని వివరించెను.

మాత్రతో ఆమె తేరుకొనెను గాని యాంటీబాడీల అంకె తగ్గలేదు. గోదావరిఖని వెళ్లి మరల మరల పరీక్షలు చేయించితిమి (పాస్టరు జీతమెంతో మీకు తెలియును). చివరకు మా విశ్వాసమే తక్కువనుకొని, శ్రమదినములు నలువదియు మాత్ర మానిపించితిమి. ఆమె అడుగలేదు, మానిపించినది మేమే. ఈస్టరునాడు ఆమె మందిరపు మెట్లు ఎక్కలేకపోయెను.

"ఆ అంకె వెంట పడకండి. మోతాదుకు టి.ఎస్.హెచ్. చూస్తే చాలు" అనిరి డాక్టరుగారు. మాత్ర పరగడుపున నీళ్లతో, టీకి కనీసము అరగంట ముందు వేసికొనవలెను. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడముండవలెను. ఈ వ్యాధిగల సహోదరీలు గర్భవతులైన వెంటనే డాక్టరుకు చెప్పవలెను.

లూకా వైద్యుడని ఎన్నిమార్లు ప్రసంగించితిమో!

తరువాతి ఆదివారము సంఘము ఎదుట మా తప్పు ఒప్పుకొంటిమి. మరునాడు ఒక సింగరేణి కార్మికుని భార్య వచ్చి, మడతపెట్టిన రిపోర్టు మా యింటివారి చేతిలో పెట్టెను. "అమ్మగారూ, నేను గూడ గోలీలు బంద్ జేసిన" అనెను.